నడవకపోతే కథ అయిపోదా?

మా తమ్ముడికి పోలియో. చిన్నప్పుడు వాడికి 'హైదీ' చదివి వినిపించాను. జొహన్నా స్పైరి 1880, 1881లలో రెండు భాగాలుగా రాసిన స్విస్ కథ. క్లారా అనే పిల్ల చక్రాల కుర్చీలో ఉంటుంది. పీటర్ అసూయతో ఆ కుర్చీని కొండమీంచి తోసేస్తాడు. ముక్కలవుతుంది. కొండగాలికి, మేకపాలకు క్లారా కోలుకుని నడుస్తుంది. అందరికీ సంతోషం. మావాడు మాత్రం అడిగాడు: "భాయ్‌జాన్, నడవకపోతే కథ అయిపోదా?"

జవాబు చెప్పలేకపోయాను. చాలా ఏళ్ల తర్వాత పిల్లల నవలలు ముందేసుకుని కూర్చున్నది ఆ ప్రశ్న కోసమే.

బర్నెట్ 'సీక్రెట్ గార్డెన్' (1911)లో కోలిన్ కూడా లేచి నడుస్తాడు. అసలు వాడికి భయం తప్ప జబ్బే లేదు! అంటే, లేవనివాళ్లు మనసుపెట్టి ప్రయత్నించలేదనా? ఇది ఓదార్పు కాదు, నింద.

మరి లేవనివాడు? వాడు దుర్మార్గుడు. 'పీటర్ పాన్'లో హుక్‌కి ఒక చెయ్యి లేదు. స్టీవెన్సన్ 'ట్రెజర్ ఐలాండ్' (1883)లో లాంగ్ జాన్ సిల్వర్‌కి ఒక కాలు లేదు. గడ్డం, టోపీ చూపించి విలన్ని పోల్చుకోమనే సినిమాలు చూసినవాళ్లం, ఈ గుర్తుల భాష మనకు కొత్తా?

అయితే సిల్వర్ దగ్గర నా లెక్క తప్పింది. తప్పుపట్టాలని చదివి, వాణ్ని ఇష్టపడ్డాను. వంట చేస్తాడు, కబుర్లు చెబుతాడు, చంపుతాడు, బేరమాడతాడు. ఊగే ఓడమీద ఊతకర్రతో చురుగ్గా తిరుగుతాడు. చివరికి డబ్బు సంచీతో పారిపోతాడు. వాడికెవరూ కాలు ఇవ్వరు, వాడూ అడగడు. స్టీవెన్సన్ కళ్ల ముందు నిజమైన మనిషి ఉన్నాడు: క్షయవల్ల కాలు పోగొట్టుకున్న స్నేహితుడు, కవి హెన్లీ. జాలితో రాసుంటే సిల్వర్ పుట్టేవాడు కాదు. మంచి క్లారాకన్నా చెడ్డ సిల్వరే నయమా? నయమే అంటాను. కానీ పదేళ్ల పిల్లాడికి తన పోలిక దొంగలోనే దొరకడం న్యాయమంటే ఒప్పుకోను.

2012లో పలాసియో 'వండర్' వచ్చింది. కథ ముగిసినా ఆగీ ముఖం మారదు. అంతవరకు మేలే. కానీ బడి వాడికి పతకమిస్తుంది, అందరూ లేచి చప్పట్లు కొడతారు. మిగతా పిల్లలు రోజూ వచ్చిపోయే బడికి వాడూ వచ్చినందుకా?

తమ్ముడిప్పుడు లెక్కల టీచరు. కూతురికి 'హైదీ' చదువుతూ, కుర్చీ కొండమీంచి దొర్లిపోయేచోట పుస్తకం మూసేస్తాడు.

"మిగతాది చదవ్వేరా?" అన్నాను.

"కొత్త కుర్చీ ఎవరు కొనిస్తారో రాయలేదు భాయ్‌జాన్" అన్నాడు.