కొయ్యని వైద్యం

రొమ్ములో గడ్డ అనగానే మనవాళ్లకు ముందు తోచేది ఆపరేషనే. తీసేస్తే జబ్బు పోయినట్టు, తియ్యకపోతే ఆశ వదిలేసినట్టు. మా వదినకు రొమ్ము క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకిందని తేలాక, విశాఖ డాక్టర్లు రోజూ వేసుకునే హార్మోన్ మాత్ర రాసిచ్చి ఇచ్ఛాపురం పంపారు. పలకరించడానికి వచ్చిన చుట్టాలందరిదీ ఒకటే మాట: "కొయ్యకుండా బిళ్ళలిచ్చి పంపీసినారేటి?"

ఆ మాట ప్రేమతో అన్నదే. చేతికి తగిలే గడ్డను అలాగే ఉంచి, కంటికి కనబడని కణాలకు మందు వేస్తామంటే ఎవరికి మింగుడుపడుతుంది? కానీ ఊపిరితిత్తుల్లో తేలింది రొమ్ము క్యాన్సరే అయితే, ఆ కణాలు అప్పటికే నెత్తుటిలో కలిసి ఒళ్లంతా తిరిగాయన్నమాట. రొమ్ము తీసేసినంత మాత్రాన అవి పోవు. వాటి వెంట వెళ్లగలిగేది మందే.

ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రిలో డాక్టర్ రాజేంద్ర బడ్వే బృందం, ఇలాంటప్పుడు రొమ్ము తీసేస్తే ఆయుష్షు పెరుగుతుందా అన్నది తేల్చడానికే పూనుకుంది. కనిపెట్టేసరికే జబ్బు వేరే అవయవాలకు పాకిన 350 మందిలో సగం మందికి రొమ్ము ఆపరేషన్, రేడియేషన్ చేశారు, మిగతా సగానికి చెయ్యలేదు. ఫలితం 2015లో వచ్చింది. ఆపరేషన్ అయినవారి మధ్యస్థ ఆయుర్దాయం 19.2 నెలలు, కానివారిది 20.5. తర్వాత టర్కీ అధ్యయనం ఆపరేషన్ వైపు మొగ్గింది గానీ, అక్కడ ఆపరేషన్ జట్టులో తీవ్రత తక్కువ రకం గడ్డలు ఎక్కువ. 2022లో వెలువడిన అమెరికా అధ్యయన ఫలితం మళ్లీ తేడా లేదనే చెప్పింది. ఈ నెలల లెక్క ఏ ఒక్కరి జాతకమూ కాదు. హార్మోన్ మందుకు లొంగే రకమైతే మాత్రలతోనే ఏళ్లు గడిపేవారున్నారు.

అలాగని కత్తికి పనే లేదనను. గడ్డ పగిలి పుండై రక్తం కారుతుంటే, వాసనకు మనిషి పక్క గదిలోకి ముడుచుకుపోతుంటే, ఆపరేషన్ ఎంతో ఊరట. ఊపిరితిత్తిలో ఒంటరి మచ్చ ఉంటే అది టీబీ కూడా కావచ్చు, ముక్క తీసి పరీక్షించాల్సిందే.

కొయ్యకుండా వైద్యంతో జబ్బును అదుపులో పెట్టడమన్నది ఇచ్ఛాపురం వైపు మా ఉద్దానం మనిషికి అర్థం కాని సంగతి కాదు. స్కాన్‌కి మందు ఎక్కించబోతూ నర్సు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంతని అడిగితే, వదిన కాగితం చూడకుండానే చెప్పింది. కిడ్నీ జబ్బు ఇంటింటా తిరిగిన నేల మాది. సోంపేటకో పలాసకో డయాలసిస్‌కి వెళ్లొచ్చి, సాయంత్రం మనవడిని ఎత్తుకునే మనిషిని చూసి వైద్యం మానేశాడని ఎవరూ అనరు. జబ్బు పోకపోయినా బతుకు సాగుతుందని మనకు తెలుసు. ఆ తెలివిడి క్యాన్సర్ దగ్గరికొచ్చేసరికి ఎందుకు జారిపోతోంది? బహుశా భయం వల్ల. భయంలో ఉన్నవాడికి ఏదో ఒకటి చేసెయ్యడమే ధైర్యంలా కనిపిస్తుంది.

అందుకే అడుగుతున్నాను. మీ ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ ఇలా పాకితే, జీడితోట తాకట్టు పెట్టి పెద్దాసుపత్రికి పరుగెత్తే ముందు డాక్టరును ఒక్క మాట అడగండి: ఈ ఆపరేషన్ ఆయుష్షు పెంచడానికా, బాధ తగ్గించడానికా? జవాబు విన్నాకే సంతకం పెట్టండి.