అడుగనివారి భాగము

దానము మంచిదని మనకు వేఱుగా బోధింపనక్కఱలేదు. ఉగ్గుపాలతోనే ఆ మాట మనకు పట్టుబడినది. చేయి చాచినవానికి కాసు వేయని పిసినారి సైతము దానము చెడ్డదని వాదింపడు. తనయొద్ద చిల్లర లేదనును. కాబట్టి దానము చేయవలెనా, వలదా యను ప్రశ్నను నేనిచట నెత్తుకొనను. మనయొద్ద నున్నది కొంచెము. అడుగు చేతులు పెక్కు. అన్నదానమునకు చందా, ఆలయమునకు చందా, అనాథాశ్రమమునకు చందా, వరద బాధితులకు చందా; ఎవరి బిడ్డకో శస్త్రచికిత్స కావలెనని సెల్‌ఫోనులో వచ్చు విన్నపము మఱియొకటి. వీనిలో దేనికీయవలెను? దేనికి మానవలెను? ఈ ప్రశ్నను మనము తఱచుగా వేసికొనము. అయిదు రూపాయల వంకాయలను త్రిప్పి త్రిప్పి చూచి పుచ్చు లేదని తెలిసికొని గాని కొనని మనము, అయిదువేలు దానము చేయునప్పుడు మాత్రము కన్నులు మూసికొని యిచ్చితిమని గొప్పగా చెప్పుకొందుము. అందువలన కలుగు హాని యెట్టిదో నా యనుభవమునుండియే చెప్పెదను.

నేను పల్లెటూరి బడిలో ఉపాధ్యాయుడను. కొన్నియేండ్ల క్రిందట మా యూరి పెద్దలు గుడి గోపురమునకు రంగులు వేయింప తలపెట్టి, రశీదు పుస్తకముతో మా యింటికి వచ్చిరి. అయిదువేల నూటపదహారు రూపాయలకు తక్కువ కాకుండ నిచ్చినవారి పేర్లు పాలరాతి పలకపై చెక్కింతుమనిరి. నేను వెయ్యిన్నూటపదహార్లు ఇయ్యదలచి యుంటిని. పలక మాట చెవిని పడిన పిమ్మట లోపలికి పోయి, తక్కిన నాలుగువేలు కూడ తెచ్చి వారి చేతిలో పెట్టితిని.

ఆ కాలముననే నా తరగతిలో వెనుక బల్లపై నొక బాలిక కూర్చుండెడిది. నల్లబల్లపై నేను వ్రాసినది చూచి వ్రాయక, ప్రక్కపిల్ల పుస్తకములోనికి తొంగిచూచి వ్రాసికొనెడిది. ఇది దొంగబుద్ధి యని తలచి రెండేండ్లు ఆమెను మందలించితిని. ఒకటి రెండు మారులు తరగతిలో నిలువబెట్టితిని కూడ. ఒకనాడు పట్టణమునుండి కంటివైద్యులు బడికి వచ్చి పిల్లలనందఱను పరీక్షించిరి. నాలుగడుగులు దాటిన యక్షరము ఆ బాలికకు కానరాదని అప్పుడు బయటపడినది. ఆమె తండ్రి కూలిపని చేసికొనువాడు. కళ్లజోడు వెల ఆఱువందల రూపాయలు. ఆ సొమ్ము నేనే యిచ్చితిని గాని, దానిని దానమని చెప్పుకొనుటకు నోరాడలేదు. పాలరాతిపై నా పేరు చెక్కించుకొనిన సొమ్ముతో ఎనిమిదిమంది పిల్లలకు చూపు వచ్చియుండును.

జోడు పెట్టుకొని బడికి వచ్చిన మొదటినాడే ఆ పిల్ల లేచి నిలువబడి, "మాస్టారండీ, ఆ మాటకు ఒత్తు పడలేదండి" అనినది. తిరిగి చూచితిని. నిజమే. అంతకుముందు నల్లబల్లపై నేను చేసిన తప్పు లామెకు కానరాలేదు; ఆమె పట్ల నేను చేసిన తప్పు నాకును కానరాలేదు.

గుడికిచ్చుట తప్పని నేననను. దేవాలయము ఊరివారి యుమ్మడి సొత్తు. దానిని చక్కగా నుంచుకొనుట వారికి సంతోషము, గౌరవము. కాని నేను గుడికిచ్చినది వెయ్యిన్నూటపదహార్లే. తక్కిన నాలుగువేలు నా పేరునకిచ్చుకొంటిని. ఇది యొక తప్పు. రెండవది యింతకంటె లోతైనది. గోపురముకొఱకు అడుగుటకు నలుగురు పెద్దమనుష్యులుండిరి, రశీదు పుస్తకముండెను, కాదన్నచో నలుగురిలో చిన్నతనమను వెఱపుండెను. ఆ పిల్లకొఱకు అడుగువారెవ్వరును లేరు. తనకు చూపు తక్కువయని ఆమెకే తెలియదు. లోకమందఱికిని అట్లే మసకగా నుండునని యనుకొనెను. అడిగినవారికే యిత్తునని నియమము పెట్టుకొనినవాని దానము, అవసరమును వెదకికొని పోదు. అడుగు నేర్పున్న చోటికి పోవును. నోరున్నవానికి మొదట, పలుకుబడి యున్నవానికి పిమ్మట, పరిచయమున్నవానికి తరువాత నిచ్చి, నోరు లేనివాని వంతు వచ్చుసరికి సంచి దులుపుదుము.

మన పెద్దలీ విషయమును విచారింపకపోలేదు. భగవద్గీత పదునేడవ యధ్యాయమున దానమును మూడు తెగలుగా విభజించి, దేశమును, కాలమును, పాత్రమును గమనించి, తిరిగి మేలు కోరక యొసగు దానమునే సాత్త్వికమని నిర్ణయించిరి. తైత్తిరీయోపనిషత్తునందలి శిక్షావల్లిలో, చదువు ముగించి వెడలు శిష్యునకు దానవిధి నుపదేశించు గురువు శ్రద్ధతోబాటు సంవిత్తును కూడ పేర్కొనెను. సంవిత్తను పదమునకు శంకరులు మైత్రి మొదలగునవి యని యర్థము చెప్పిరి. తెలివి యను నర్థమును అందు చూచుట కూడ సమంజసమని నా మనవి. స్నేహమును తెలివియు కూడియుండుట దానమునకు శోభయే గదా.

అయితే పాత్రమను మాటను మనము కాలక్రమమున కుదించి వేసితిమి. పుట్టుకచేతనో, ఆచారముచేతనో, పాండిత్యముచేతనో దానము పుచ్చుకొనుటకు తగినవాడు పాత్రుడని లెక్కించితిమి. పాత్ర యనగా గిన్నె గదా! గిన్నెలో పోయదలచినవాడు మొదట చూడవలసినది అది ఖాళీగా నున్నదా, నిండియున్నదా యని. రెండవది, దాని యడుగున చిల్లున్నదా యని. దానము చేయువాడు అడుగవలసిన ప్రశ్నలన్నియు ఈ రెండింటిలో నిమిడియున్నవని నాకు తోచుచున్నది.

మొదటిది ఖాళీ. నేనీయకున్నను ఈ గిన్నె నిండునా? నిండునట్లైన నా రూపాయి వేఱొకచోట నెక్కువ పని చేయును. మా బడి పిల్లల కన్నుల సంగతియే తీసికొందము. తెలంగాణమున 2018లో కంటివెలుగను పేర ప్రభుత్వమువారు ఊరూర పరీక్షలు జరిపి కళ్లజోళ్లు పంచిరి. ఆంధ్రప్రదేశమున 2019లో అదే తెఱగు కార్యమును బడిపిల్లలతో మొదలిడిరి. ప్రభుత్వపు చేయి పడిన చోట మన చేయి తప్పించుకొని, ఆ చేయి అందని గుమ్మమును వెదకుట వివేకము. వరద వచ్చిన వారములో పాతబట్టల మూటలు గుట్టలు పడును. మూడు నెలల పిమ్మట ఇల్లు కట్టుకొనలేక పట్టాల క్రింద కాపురముండువానిని పలుకరించువారుండరు. గిన్నె యొకటే, మొదటి వారమున పొరలిపోయి, నాలుగవ నెలలో ఎండిపోవును. ఇచ్చువాడు కాలమును కూడ చూడవలెననుటలోని సారస్య మిదియే.

రెండవది చిల్లు. ఇది రెండు విధములు. సొమ్ము నడుమనే హరించుకొనిపోవుట మొదటి విధము. లెక్క చూపుడని యడిగినప్పుడు కోపగించుకొను సంస్థకు దూరముగా నుండుట మేలు. కాని కార్యాలయపు వ్యయము తక్కువ యనుమాట విని మురిసిపోరాదు. లెక్కలు వ్రాయు గుమాస్తాకు జీతమీయని చోట లెక్కలెట్లుండును? తమ విజయములతోబాటు తాము చేయలేకపోయిన పనులను కూడ దాపఱికము లేక చెప్పుకొను సంస్థను నేనెక్కువ నమ్ముదును.

ఎంత పోసినను మఱల ఖాళీ యగుచుండుట రెండవ విధము. 1832–33లో వచ్చిన నందననామ సంవత్సరపు కఱవున గుంటూరు సీమలో లక్షకు మించి జనులు మడిసిరి. అట్టి దినములలో పోసిన ప్రతి గరిటెడు గంజియు నొక ప్రాణము. గంజి పోయువానిని నిలువరించి కారణములు విచారించుమనుట పాపము. కాని గంజివలన పొలమునకు నీరు రాదు. మఱుసటి కఱవునకు మఱల గంజియే కావలెను. ఆర్థరు కాటను పూనికతో 1847లో మొదలైన ధవళేశ్వరపు ఆనకట్ట 1852 నాటికిని, బెజవాడయొద్ద కృష్ణ ఆనకట్ట 1855 నాటికిని పూర్తియైనవి. ఆకాశమువంక చూచి యేడ్చుచుండిన డెల్టా భూములు అంతటినుండి పరుల కన్నము పెట్టు స్థితికి వచ్చినవి. గంజి నేటి యాకలికి. ఆనకట్ట రేపటి యాకలికి. రెండును కావలసినవే. మన చందాలలో మాత్రము గంజికి దొరికినంత సొమ్ము ఆనకట్టకు దొరకదు. గంజి త్రాగినవాడు కన్నుల యెదుట చేతులు జోడించును; ఆనకట్ట వలన కఱవు తప్పినవానికి తాను తప్పించుకొంటినని కూడ తెలియదు.

కంటివైద్యముననే దీనికి మఱియొక యుదాహరణము కలదు. 1976లో మధురలో గోవిందప్ప వెంకటస్వామి యను వైద్యుడు ఉద్యోగము విరమించిన పిమ్మట పదునొకండు పడకలతో అరవింద నేత్రాలయమును నెలకొల్పెను. ఇయ్యగలవారిచ్చు రుసుముతోనే ఇయ్యలేనివారికి చూపు వచ్చునట్లు ఏర్పాటు చేసెను. శుక్లము తీసిన కంటిలో నమర్చు కటకము విదేశములనుండి వచ్చి మిక్కిలి ప్రియముగా నుండుటచేత, 1992లో ఆ సంస్థకు చెందినవారే అరోలాబను కర్మాగారము పెట్టి తక్కువ వెలకు కటకములు చేయసాగిరి. ఒకని కంటికి కటకము కొనియిచ్చుట గంజి. కటకపు వెలనే తగ్గించుట ఆనకట్ట.

"ఇన్ని ప్రశ్నలేల? హృదయము కరగినచో నీయరాదా?" యని కొందఱందురు. ఈ యాక్షేపణకు బలము లేకపోలేదు. కోనసీమలోని లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళగాని వేళ గుమ్మమెక్కిన బాటసారికిని విసుగక వండి వడ్డించిరి. ఆమె సంస్థల లెక్కలు చూచిన తరువాత వడ్డించిరా? లేదు, చూడనక్కఱయు లేదు. ఆకలితో నిలిచినవాడు తన ఖాళీ గిన్నెను తానే తెచ్చి చూపుచున్నాడు. ఎదుటనున్న యాకలికి విచారణ చేయరాదు. విచారణ కావలసినది, కన్నుల కెదురుగా లేని యవసరమునకు మన సొమ్మును ఇతరుల చేతిమీదుగా పంపునప్పుడు.

ఇంకను పెద్ద యాక్షేపణ యొకటి కలదు. అది నా మనస్సులోనే పుట్టినది. అపాత్రదానము కూడదను మాటను పిసినారి యెంత ప్రీతితో పలుకును! ఈ సంస్థ లెక్కలు బాగులేవు, ఆ సంస్థ పెద్దలు మంచివారు కారు, ప్రభుత్వము చేయవలసిన పని మనకేల యని విచారించి, విచారించి, తుదకు సొమ్మును పెట్టెలోనే భద్రముగా నుంచుకొనును. కళ్లజోడు సంగతి జరిగిన పిమ్మట కొంతకాలము నేనును ఇట్లే చేసితిని. చందాకు వచ్చినవారినెల్ల ప్రశ్నలతో త్రిప్పిపంపితిని. ఏడాది కడపట చూచికొనగా, వివేకము పెరిగినదో లేదో గాని, నేనిచ్చినది మునుపటికంటె తగ్గినది. వివేకమను ముసుగు వేసికొని లోభము నా యింటిలో ప్రవేశించినది.

దీనికి నేను కనుగొనిన యుపాయమొకటే. ఎంత యీయవలెనను ప్రశ్నను, ఎవరికీయవలెనను ప్రశ్నను విడదీయవలెను. జీతము వచ్చిన నాడే నూటికి అయిదు రూపాయల చొప్పున వేఱు చేసి పెట్టుదును. అది యటుపిమ్మట నాది కాదు. విచారణ యంతయు దాని తరువాతనే. ఒక సంస్థను కాదనినచో ఆ సొమ్ము వేఱొకరికి పోవును గాని నా పెట్టెలోనికి తిరిగిరాదు. విచారణవలన నాకు లాభము లేకుండ చేసికొంటిని గనుక, నా విచారణను నేను కొంచెము నమ్మవచ్చును. ఆ సొమ్మును మూడు పాళ్లు చేసితిని. ఒకటి గుమ్మమెక్కినవారిది, దానికి ప్రశ్నలు లేవు. రెండవది ఆనకట్టవంటి పనులు చేయు సంస్థలది. వాని లెక్కలు ఏటేట తెప్పించుకొని చదువుదును. మూడవది అడుగనివారిది.

ఈ మూడవ పాలు మిక్కిలి కష్టమైనది. దీనిని ఇచ్చుటకు ముందు వెదకవలెను. మా యూరి ఆశా కార్యకర్తను, అంగన్‌వాడీ పంతులమ్మను, ఉత్తరములిచ్చు పోస్టుమానును అడుగుదును: "అవసరముండియు నోరెత్తనివారెవ్వరు?" ఆ జాబితాలోని పేర్లు రశీదు పుస్తకములవారు తెచ్చు జాబితాలో నొకప్పుడును కానరావు. ఇచ్చునప్పుడు ఛాయాచిత్రము తీయించుకొనను. తన లేమి వీధికెక్కునను సిగ్గుచేతనే వారడుగలేదు. ఇచ్చి ఆ సిగ్గును నేనే వీధికెక్కించినచో ఇచ్చినదానికంటె తీసికొనినదే యెక్కువ యగును.

1972లో పీటరు సింగరను ఆస్ట్రేలియా తత్త్వవేత్త, తూర్పు బెంగాలు కాందిశీకుల దుర్దశను పురస్కరించుకొని వ్రాసిన వ్యాసమున, బాధపడువాడు దూరమున నున్నాడనుట మన కర్తవ్యమును తగ్గింపదని వాదించెను. ఆ వాదమును నేనంగీకరింతును. దాని ప్రక్కన మఱియొక మాట చేర్చవలెనని మాత్రము తోచుచున్నది. దగ్గఱనున్నంత మాత్రమున కనబడుననుటయు నిజము కాదు. నా కుర్చీకిని ఆ పిల్ల బల్లకును నడుమ ఇరువది యడుగులు. ఆ యిరువది యడుగులు దాటుటకు నాకు రెండేండ్లు పట్టినది. అదియు నొకరు వచ్చి చూపినందున.

ఆ పలక నేటికిని గుడి గోడకున్నది. దర్శనమునకు పోయినప్పుడెల్ల నా పేరు నా కంటబడును. దానితోబాటు ఎనిమిది జతల కన్నులును జ్ఞప్తికి వచ్చును. చదువరులారా, రశీదు పుస్తకము పట్టుకొని మీ యింటికి వచ్చినవారిని గౌరవింపుడు. తగునని తోచినచో ఇండు. కాని వారు రాకమునుపే కొంత వేఱుగా తీసి యుంచుడు. దానిని పుచ్చుకొనవలసినవాడు మీ యింటికి రాడు. మీరే పోవలెను.