మూడు రోజుల చూపు

"చూసి వచ్చాం" అనే మాటను మనం రకరకాల అర్థాల్లో వాడతాం. పిల్లను చూసి వచ్చాం అంటే ఒక నిర్ణయానికి ముందు మెట్టు ఎక్కామని అర్థం. రోగిని చూసి వచ్చాం అంటే ఒక బాధ్యత తీర్చుకున్నామని అర్థం. సినిమా చూసి వచ్చాం అంటే టిక్కెట్టు డబ్బు ఇచ్చాం, వాళ్లకూ మనకూ చెల్లు అని అర్థం. మరి ఒక సరస్సును, ఒక దేశాన్ని చూసి వచ్చామన్నప్పుడు ఈ మూడింటిలో ఏది వర్తిస్తుంది? ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గాని, ఇందులో ఒక నైతిక సమస్య ఉంది.

శని ఆదివారాలకు మరొక సెలవు కలిసివస్తే మూడు రోజుల ప్రయాణం పెట్టుకోవడం ఇప్పుడు మధ్యతరగతికి అలవాటైపోయింది. ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాల నుంచి చదువులకూ ఉద్యోగాలకూ ఐరోపా వెళ్లిన యువకులు అటువంటి సెలవుల్లో స్వీడనో, నార్వేయో చుట్టి వస్తారు. ఇక్కడ ఉన్నవాళ్లు శీతకాలంలో కైకలూరు పక్కనున్న ఆటపాకకు పోయి గూడబాతుల్ని చూస్తారు. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మకు దణ్ణం పెట్టుకుని, పడవెక్కి, ఫోటోలు తీసుకుని వస్తారు. తిరిగి వచ్చాక తీర్పులు చెబుతారు. స్వీడను స్వర్గం. కొల్లేరు పాడైపోయింది. ఈ రెండు తీర్పులూ మూడు రోజుల్లో తయారైనవే.

మన మిత్రులలో కొందరు దీనికి సులభమైన సమాధానం చెబుతారు. విహారయాత్ర బూర్జువా విలాసం, దాని మంచిచెడ్డలు మనకెందుకు అంటారు. ఈ వాదం చరిత్రకు విరుద్ధం. సెలవు అనేది ధనికులు దయతలచి ఇచ్చిన వస్తువు కాదు. మార్క్స్ అల్లుడు పాల్ లఫార్గ్ 1880లో "సోమరితనపు హక్కు" రాసి, పని దొరికితే చాలు మరేమీ అక్కరలేదనుకునే కార్మికోద్యమాన్నే ఎత్తిపొడిచాడు. 1936లో అంతర్జాతీయ కార్మిక సంస్థ జీతంతో కూడిన సెలవు గురించి ఒడంబడిక చేసింది. 1938లో స్వీడను తన శ్రామికులకు రెండు వారాల సెలవును చట్టంగా చేసింది. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఏడాదిలో 240 రోజులు పనిచేసినవాడికి ప్రతి ఇరవై పనిదినాలకూ ఒక రోజు చొప్పున జీతంతో సెలవు పెట్టింది. వీటి వెనక ఎన్నో సమ్మెలున్నాయి, సంఘాలున్నాయి. కాబట్టి విహారాన్ని ఈసడించడం అభ్యుదయం కాదు. శ్రామికుడు గెలుచుకున్నదాన్ని తిరిగి యజమానికి అప్పగించడం అవుతుంది.

స్వీడనులో మరొక హక్కు కూడా ఉంది. అడవిలోనూ, బీడులోనూ, సరస్సు ఒడ్డునా భూమి ఎవరిదైనా సరే ఎవరైనా నడవవచ్చు, కాయో పండో కోసుకోవచ్చు, ఒక రాత్రి గుడారం వేసుకోవచ్చు. దీన్ని సర్వజన హక్కు అంటారు. చాలాకాలంగా ఆచారంగా ఉన్న దాన్ని 1994లో రాజ్యాంగంలో చేర్చారు. నార్వే 1957లోనే ఇటువంటి హక్కుకు చట్టం చేసింది. భూస్వామ్యం వేళ్లూనుకున్న మన దేశం నుంచి వెళ్లిన యువకుడికి ఇది ఆశ్చర్యం కలిగించడం సహజం. పొలం గట్టు మీద కాలు పెడితే కేకలు వేసే దేశం మనది. అయితే ఆ హక్కుకు హద్దులున్నాయి. ఇంటి పెరట్లోకి పోకూడదు. పంట తొక్కకూడదు. ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదు, దేన్నీ పాడుచెయ్యకూడదు. అనగా, నడిచే హక్కును ఇచ్చిన చట్టమే అక్కడ బతికేవాడు ఒకడున్నాడని గుర్తుచేస్తున్నది.

కాలు విషయంలో ఈ హద్దు అందరికీ తెలుసు. చూపు విషయంలో మాత్రం హద్దేమిటో ఎవరూ చెప్పరు. కొల్లేరును ఉదాహరణగా తీసుకుందాం.

కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న మంచినీటి సరస్సు ఇది. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏర్లూ, డెల్టా మురుగు కాలవలూ ఇందులోకి వస్తాయి. నీరు బయటికి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. ఏలూరు నుంచి కైకలూరు పోయే రోడ్డు మీద నిలబడి చూసేవాడికి నీళ్లు కనిపిస్తాయి, కిక్కిస గడ్డి కనిపిస్తుంది, గుర్రపుడెక్క కనిపిస్తుంది, చేపల చెరువుల గట్లు కనిపిస్తాయి. గట్టు ఎవరిదో కనిపించదు. పట్టా ఎవరి పేరున ఉందో, లీజు ఎవరి చేతిలో ఉందో, మేత డబ్బు ఎవరు పెట్టారో, గట్టు మీద గుడిసెలో రాత్రంతా కాపలా కాసేవాడికి ఎంత ముడుతున్నదో కనిపించదు. ఆటపాకలో గూడబాతుల గూళ్ల కోసం పెట్టిన ఇనుప స్టాండ్లు కనిపిస్తాయి. ఆ పక్షులకు చెట్లు ఎందుకు కరువయ్యాయో కనిపించదు.

కనిపించనిది చాలా ఉన్నప్పుడు మనిషి మనస్సు ఊరుకోదు. ఆ ఖాళీని ఒక కథతో నింపుకుంటుంది. కొల్లేరు విషయంలో విహారికి దొరికే కథలు రెండు. మొదటిది సౌందర్యవాది కథ: పూర్వం ఇక్కడ నిర్మలమైన నీరు, లక్షల పక్షులు ఉండేవి, మనుషులు వచ్చి ఆక్రమించి నాశనం చేశారు, వాళ్లను ఖాళీ చేయిస్తే మళ్లీ బాగుపడుతుంది. రెండవది పేదల పేరు చెప్పే కథ: పక్షుల కోసం మనుషుల పొట్ట కొడుతున్నారు, హద్దు తగ్గిస్తే పేదవాడు బతుకుతాడు. మొదటి కథలో ముద్దాయి పేదవాడు, రెండవ కథలో ముద్దాయి పక్షి. ఈ రెండింటిలోనూ లీజుదారు లేడు.

జరిగిన సంగతులు వరసగా చూస్తే ఈ కథలు నిలబడవు. లంకల్లోని వడ్డి కులస్థులూ, దళితులూ తరతరాలుగా తాటిదోనెల మీద తిరుగుతూ మావులు పెట్టి, వలలు వేసి కొరమీను, వాలుగ, మట్టగిడస పట్టుకున్నారు. నీరు దిగినప్పుడు దాళ్వా వరి వేసుకున్నారు. ఆ వేటవల్ల సరస్సు చావలేదు. 1970ల మధ్యలో జలగం వెంగళరావు ప్రభుత్వం సహకార సంఘాలు పెట్టించి సరస్సు గర్భంలోనే చేపల చెరువులు తవ్వించింది. ఉద్దేశం పేదల ఉపాధి. కాని చెరువుకు పెట్టుబడి కావాలి. పిల్ల కావాలి, మేత కావాలి, ఐసు కావాలి, హౌరా దాకా పోయే లారీ కావాలి. సంఘ సభ్యుడి దగ్గర ఇవేమీ లేవు. ఉన్నవాడు వచ్చి చెరువు లీజుకు తీసుకున్నాడు. సభ్యుడి పేరు కాగితం మీద మిగిలింది, చెరువు మరొకడి చేతికి పోయింది. కొరమీను ఉన్నచోటికి బొచ్చె, శీలావతి వచ్చాయి. సరస్సులో స్వతంత్రంగా వేటాడినవాడు సొంత చెరువు మీదే కూలీ అయ్యాడు. ఆస్తి చేతులు మారే పద్ధతికి ఇంతకంటె స్పష్టమైన పాఠం పుస్తకాల్లో దొరకదు.

1999లో ప్రభుత్వం ఐదు అడుగుల కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించింది. ఆ గీత లోపల లంక గ్రామాలున్నాయి, వేల ఎకరాల జిరాయితీ భూములున్నాయి. 2002లో కొల్లేరు రామ్‌సర్ ఒడంబడిక కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల జాబితాలో చేరింది. 2006లో సుప్రీం కోర్టు ఆదేశం వెంట పొక్లెయిన్లు దిగి గట్లు తెగ్గొట్టాయి. లీజుదారు తన పెట్టుబడిని వేరేచోట పెట్టుకోగలిగాడు. కూలి మాత్రం తన రెండు చేతుల్నీ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు. 2008లో అదే రాష్ట్ర శాసనసభ హద్దును మూడు అడుగుల కాంటూరుకు తగ్గించాలని తీర్మానించింది. ఈలోగా తెగిన గట్లు చాలాచోట్ల మళ్లీ లేచాయి.

గట్టు లేస్తే నష్టం పక్షికే అనుకోవడం పొరపాటు. ఉప్పుటేరు వైపు పోవలసిన నీరు గట్ల మధ్య ఇరుక్కుంటే వెనక్కి తన్నుతుంది, లంక గ్రామం మునుగుతుంది, ఎగువ రైతు చేను మునుగుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడను ముంచిన బుడమేరు నీరు చివరికి రావలసింది ఈ కొల్లేటికే. కాబట్టి "పక్షా, పేదవాడా?" అనే ప్రశ్నే మోసపు ప్రశ్న. నీరు నడిచే దారి ఇద్దరికీ కావాలి. ఆ దారికి అడ్డంగా నిలిచినది మూడవవాడి లాభం. ఈ ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టినంతకాలం మూడవవాడు నిశ్చింతగా ఉంటాడు. రోడ్డు మీద నిలబడి "అయ్యో పాడైపోయిందే" అని నిట్టూర్చేవాడు తెలియకుండానే అతనికి సాయపడుతున్నాడు.

ఉప్పుటేరును గురించి ఆ ప్రాంతంలో ఒక కథ ఉంది. ఆ కాలవ తవ్వకం సఫలం కావడానికి ఒక సేనాపతి తన కూతుర్నే బలి ఇచ్చాడట, అందుకే దానికి పేరంటాల కనుమ అని పేరు వచ్చిందట. కథలోని క్రూరత్వాన్ని ఎవరూ సమర్థించరు. కాని ఆ సేనాపతి కనీసం తన బిడ్డనే బలి ఇచ్చాడు. ఈనాడు కాంటూరు గీతలు గీసేవాళ్లూ, చెరిపేవాళ్లూ ఎప్పుడూ ఇతరుల బిడ్డల్నే ఇస్తున్నారు.

స్వర్గమన్న స్వీడను సంగతి కూడా ఇదే వరసలో చూడాలి. 1909లో ఐరోపా మొత్తంలో మొదటిసారిగా ఆ దేశం జాతీయ ఉద్యానవనాలు ఏర్పాటుచేసింది. ఉత్తరాన ఉన్న కొన్ని ఉద్యానవనాలు శామీ ప్రజలు దుప్పుల్ని మేపుకునే నేల మీద వెలిశాయి. ఆ గీతలు గీసేటప్పుడు శామీలను ఎవరూ అడగలేదు. వాటిలో స్టోరా షోఫాలెట్ అనే ఉద్యానవనం నుంచి, పదేళ్లకే, 1919లో సరస్సు భాగాన్ని విడదీసి జలవిద్యుత్తు ఆనకట్టకు అప్పగించారు. అక్కడ కాంటూరు, ఇక్కడ కాంటూరు. ప్రకృతి పేరుతో గీసిన గీత పెట్టుబడి అడిగినప్పుడు జరుగుతుంది, పశువుల కాపరి అడిగినప్పుడు జరగదు. మూడు రోజుల సెలవులో ఉత్తర స్వీడను చూసివచ్చిన యువకుడు ఆ నీటి అందం చెబుతాడు. నీటి కింద మునిగిన మేతబీళ్ల సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు.

అయితే అక్కడ చరిత్ర అంతటితో ఆగలేదు. ఆ ప్రాంతం లపోనియా అనే పేరుతో 1996లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. శామీలు ఏళ్లతరబడి పట్టుబట్టిన మీదట దాని నిర్వహణ సంఘంలో అధికసంఖ్య స్థానాలు వాళ్లకు దక్కాయి. ప్రకృతిని కాపాడటమూ, అక్కడి మనిషి అధికారమూ పరస్పర విరుద్ధాలు కావని అది రుజువు చేస్తున్నది. స్వీడను నుంచి తెచ్చుకోదగినది ఏదైనా ఉంటే ఇది. సంఘం పేరు లంకవాళ్లది, లీజు పరాయివాడిది అనే ఏర్పాటు పోయి, నీటిమట్టం మీదా, వేట మీదా, హద్దు మీదా లంకవాళ్ల మాట చెల్లే ఏర్పాటు రావాలి.

ఇక్కడ ఒక న్యాయమైన ఆక్షేపణ ఉంది. మూడు రోజుల కోసం వచ్చినవాడు పట్టాలూ, లీజులూ, కాంటూరులూ చదువుకుని రావాలా? అలా అయితే ఎవడూ ఇల్లు కదలనక్కరలేదు. నిజమే. తెలియకపోవడం నేరం కాదు. తెలియనిదాన్ని అందంతోనో జాలితోనో పూడ్చుకుని తీర్పు చెప్పడమే నేరం. మూడు రోజుల చూపుకు మూడు రోజుల మాట సరిపోతుంది. "కొల్లేరు పాడైపోయింది" అనడానికి మారుగా "అక్కడ గట్లు చూశాను, అవి ఎవరివి?" అని అడిగితే ఆ ప్రయాణం వ్యర్థం కాదు. ఆ ప్రశ్న దోనె నడిపేవాణ్ణి అడగవచ్చు, గంపలో చేపలు పెట్టుకుని ఏలూరు వచ్చే ఆడమనిషిని అడగవచ్చు. వాళ్లు చెబుతారు. ఇంతవరకు వాళ్లను అడిగినవాళ్లు తక్కువ.

బయటివాడి చూపు ఎప్పుడూ పనికిరానిదని నేననడం లేదు. కేరళకు చెందిన కె. కె. నీలకంఠన్ వృత్తిరీత్యా ఇంగ్లీషు ఉపాధ్యాయుడు. పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు గ్రామంలో గూడబాతులు గుంపుగా గూళ్లు కట్టుకునే సంగతిని 1949లో ఆయనే వివరంగా రాసి లోకానికి తెలిపాడు. ఆయన మన జిల్లావాడు కాదు, శాస్త్రజ్ఞుడి ఉద్యోగమూ కాదు. ఓపికగా చూశాడు, లెక్కపెట్టాడు, చూసినంతే రాశాడు. పక్షి విషయంలో ఒక ఉపాధ్యాయుడు చేయగలిగిన పనిని మనిషి విషయంలో మన ఉపాధ్యాయులూ విద్యార్థులూ చేయలేరా? తాడేపల్లిగూడెం నుంచి కొల్లేటికి దూరమెంత? మన కళాశాలల నుంచి ఏటా విహారయాత్రలు పోతూనే ఉన్నాయి. ఒక్క లంకలో ఎన్ని చెరువులున్నాయి, ఎన్ని సంఘ సభ్యుల చేతుల్లో ఉన్నాయి, ఎన్ని లీజులో ఉన్నాయి అని లెక్క రాసుకువచ్చిన యాత్ర ఎన్ని?

చివరికి మిగిలే ప్రశ్న సెలవును గురించే. సెలవు శ్రామికుడి హక్కు అని పైన ఒప్పుకున్నాం. ఆ హక్కు ఫ్యాక్టరీ గేటు దగ్గరా, ఆఫీసు గుమ్మం దగ్గరా ఆగిపోయింది. చెరువు గట్టు మీద కాపలావాడికి ఆదివారం లేదు, పండగ లేదు. మేత చల్లేవాడు ఒక పూట మానితే ఆ పూట కూలి పోతుంది. మనం మూడు రోజులు చూసి ఆనందించే ఆ నీటి మీద ఏడాది పొడుగునా పని చేసేవాడు ఆ నీటినే ఒక్క సాయంత్రం తీరిగ్గా కూర్చుని చూడగలిగే స్థితిలో లేడు. అందాన్ని చూడటం మనిషి హక్కు అయితే అది అతనికీ హక్కే. అతనికి ఆ తీరిక వచ్చేదాకా మన విహారం సగం అప్పు మీద నడుస్తున్నదని గుర్తుంచుకోవాలి. సినిమా చూసి వచ్చినట్లు "చెల్లు" అని చెప్పుకోవడానికి వీలులేదు. రోగిని చూసి వచ్చినవాడికి ఉండే బాధ్యతే కొల్లేరు చూసి వచ్చినవాడికీ ఉంది.