సహనం సమ్మతి అవుతుందా? – కమ్యూనిస్టు అనంతర సమాజాల్లో సంస్కరణల వేగం

1990 జనవరి 1న పోలండ్‌లో బాల్సెరోవిచ్ ప్రణాళిక అమలులోకి వచ్చింది. ఆ ఒక్క నెలలోనే ధరలు దాదాపు 80 శాతం పెరిగాయి. 1992 జనవరి 2న రష్యాలో గైదార్ అత్యధిక వస్తువుల ధరలపై నియంత్రణ ఎత్తివేయగా, సంవత్సరాంతానికి అవి సుమారు 26 రెట్లయ్యాయి. జీవితకాలపు పొదుపు కరిగిపోయింది. అయినా ప్రజలు వెంటనే తిరగబడలేదు. ఆ సహనాన్ని సమ్మతిగా పరిగణించవచ్చునా అన్నది నైతిక ప్రశ్న.

1973లో ఆల్బర్ట్ హిర్ష్‌మన్ ఒక ఉపమానం చెప్పాడు. సొరంగంలో రెండు వరుసల వాహనాలు నిలిచిపోయాయి. పక్క వరుస కదిలితే మన వంతూ వస్తుందని ఆశ కలుగుతుంది. మన వరుస ఎంతకీ కదలకపోతే ఆ ఆశే ఆగ్రహమవుతుంది. సహనం ఎలా పుడుతుందో ఇది చక్కగా వివరిస్తుంది. కాని ఎంతకాలం వేచి ఉండగలమన్న విషయంలో అందరూ సమానులన్నట్లు ఇందులో ఒక ఊహ దాగి ఉంది. డెబ్బై ఏళ్ల పింఛనుదారుకు పదేళ్ల నిరీక్షణ అంటే మిగిలిన ఆయుష్షంతా. క్రమానుగత సంస్కరణను కోరేవారు మానవీయత తమ పక్షానే ఉందంటారు. ఖాళీ దుకాణాల ముందు బారులు మరికొన్నేళ్లు సాగితే ఖర్చయ్యేది కూడా ఆ ఆయుష్షే కదా!

1993 ఏప్రిల్ 25 నాటి రష్యా ప్రజాభిప్రాయ సేకరణలో ఓటు వేసినవారిలో 53 శాతం ప్రభుత్వ ఆర్థిక, సామాజిక విధానాన్ని ఆమోదించారు. అది విధానానికి పడిన ఓటా, పార్లమెంటుతో పోరులో ఉన్న యెల్త్‌సిన్‌కు పడిన ఓటా అన్నది తేల్చడం కష్టం. అదే డిసెంబరులో పార్టీ జాబితాల ఓటింగులో జిరినోవ్‌స్కీ పార్టీ దాదాపు 23 శాతంతో ప్రథమ స్థానం పొందింది. ఈ రెండు తేదీల నడుమ, అక్టోబరులో, పార్లమెంటు భవనంపై ట్యాంకులు కాల్పులు జరిపాయి. పోలండ్‌లో 1990 అధ్యక్ష ఎన్నికల్లో సంస్కరణల ప్రధాని మజొవియెత్‌స్కీ మూడవ స్థానానికి పడిపోయాడు; 1993లో మాజీ కమ్యూనిస్టులే గెలిచారు, కాని మార్కెట్ మార్గాన్ని విడువలేదు. ఉపసంహరించుకోగలిగినప్పుడే సమ్మతికి విలువ ఉంటుందని భావిస్తే, పోలిష్ ప్రజల సహనమే సమ్మతికి దగ్గరగా ఉంది.

అయితే ఓటు పాలకుణ్ణి దించగలదు గాని పోయిన పొదుపును తిరిగి తేలేదు. 1995లో రష్యా ఆ పొదుపును రాజ్యపు రుణంగా చట్టరీత్యా అంగీకరించింది. మరుసటి ఏడు మొదలైన స్వల్ప చెల్లింపులు మొదట అందినది వయోవృద్ధులకే.