పట్టాభిషేకానికి ముందు అడిగిన ప్రశ్నలు



పండుగ సంచికకు నేను రాసేది మామూలుగా షుగరు, బీపీ, ఉపవాసం గురించి. ఈసారి వేరే విషయం ఎత్తుకుంటున్నాను. ఒక దేశాన్ని నడపటానికి ఒక మనిషి తగునా, తగడా అని మనం ఎలా తేల్చుకోవాలి? నవరాత్రులలో రామాయణ పారాయణ చేసే ఇళ్ళకు ఇది కొత్త ప్రశ్న కాదు.

అమెరికాలో అధ్యక్ష ఎన్నికలు ఎప్పుడూ మన దసరా వెనకే వస్తాయి. 2024లో విజయదశమి అక్టోబరు 12న, దీపావళి అక్టోబరు 31న, పోలింగు నవంబరు 5న. ఆ మూడు వారాలూ మన గుడి భోజనశాలలో పులిహోర వరుసలో విన్న మాట ఒక్కటే: "మనవాళ్ళు". ఒక పక్క తల్లి తమిళురాలైన కమలా హారిస్. ఇంకో పక్క ఉపాధ్యక్ష పదవికి నిలబడ్డ జె.డి. వాన్స్ భార్య ఉష, మన తెలుగింటి ఆడపడుచు. సంతోషించవలసిన విషయమే, కాదనను. కాని చుట్టరికం చూసి ఓటు వేస్తే అది పెళ్ళి సంబంధం అవుతుంది కాని పరిపాలన కాదు. ఎవరికి వెయ్యాలో ఈ పత్రికలో నేను చెప్పను. గుడి అందరిదీ.

ఈ దేశ రాజ్యాంగం అధ్యక్షుడికి పెట్టిన షరతులు మూడే. 35 ఏళ్ళు నిండాలి, జన్మతః పౌరుడై ఉండాలి, 14 ఏళ్ళు ఇక్కడ నివసించి ఉండాలి. అంతే. మన ఊళ్ళో ఎం.బి.బి.ఎస్. చేసి వచ్చిన నాలాంటివాడు ఇక్కడ ఒక్క రోగిని సొంతంగా చూడాలంటే మెట్టు మెట్టుగా పరీక్షలు, ఆపైన రెసిడెన్సీ, ఆపైన లైసెన్సు, కొన్నేళ్ళకోసారి దాని రెన్యువలు. (రెండో షరతు వల్ల మనలో చాలామందికి ఆ కుర్చీ ఎలాగూ లేదు. ఇక్కడ పుట్టిన మన పిల్లలకు ఉంది.) రాజ్యాంగం రాసినవారు అజాగ్రత్తగా రాశారని అనుకోకూడదు. మిగిలిన పరీక్షను ప్రజలకు వదిలిపెట్టారు. అంటే పరీక్షాధికారులం మనమే. మరి ప్రశ్నపత్రం ఏది?

అయోధ్యాకాండ మొదట్లోనే ఉంది. దశరథ మహారాజు ముసలివాడయ్యాడు. రాముణ్ణి యువరాజును చేయాలనుకున్నాడు. చక్రవర్తి కనుక ఆజ్ఞ ఇస్తే సరిపోయేది. అలా చేయలేదు. సామంతులను, నగరాల్లోని, పల్లెల్లోని పెద్దలను పిలిచి, నా ఆలోచన మంచిదైతే అంగీకరించండి, కాదనిపిస్తే మేలైన దారి చెప్పండి అన్నాడు. వాళ్ళు తమలో తాము మాట్లాడుకుని సరే అన్నారు. దశరథుడు అక్కడితో ఆగక, నేను ధర్మంగా ఏలుతుండగా నా కొడుకు ఎందుకు కావాలి మీకు, కారణం చెప్పండి అని అడిగాడు! ఊరికే తల ఊపినవాళ్ళ మాట ఆయనకు పనికిరాలేదు.

వాళ్ళు చెప్పిన కారణాలు చూడండి. అందం, పరాక్రమం చెప్పారు, అది ఎలాగూ చెబుతారు. నన్ను ఆపేసేది వేరే మాట. రాముడు యుద్ధం నుంచి ఏనుగు మీదో రథం మీదో తిరిగి వస్తూ, ఎదురైన పౌరులను సొంతవాళ్ళలాగా భార్యాబిడ్డల క్షేమం, సేవకుల క్షేమం అడుగుతాడట. వాళ్ళకు కష్టం వస్తే తాను దుఃఖిస్తాడట, వాళ్ళ ఇంట్లో వేడుకైతే తండ్రిలా సంతోషిస్తాడట. ఇది గెలిచి వస్తున్నవాడి సంగతి, ఓట్లు అడగటానికి వచ్చినవాడిది కాదు. అంతకు ముందే వాల్మీకి మరో రెండు లక్షణాలు చెప్పి ఉన్నాడు. ఎవరైనా పరుషంగా మాట్లాడితే రాముడు తిరిగి అనడు. ఒక్క ఉపకారం చేసినా గుర్తుంచుకుంటాడు, నూరు అపకారాలు చేసినా మనసులో పెట్టుకోడు. ఏ పార్టీ అభ్యర్థినైనా ఈ ఒక్క కొలతతో కొలిచి చూడండి, ఎంతమంది నిలుస్తారో!

"రాముడు రాజుగారి కొడుకే కదా అంకుల్, ఆయనను ఎవరు ఎన్నుకున్నారు?" అని మన బాలవిహార్ పిల్లలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. మహాభారతం ఆదిపర్వంలో దీనికి జవాబు ఉంది. దుష్యంతుని కుమారుడు భరతుడు, మన దేశానికి పేరిచ్చినవాడు, తనకు తొమ్మిదిమంది కొడుకులున్నా ఒక్కడూ తగడని చూసి, భరద్వాజుని అనుగ్రహంతో పొందిన భుమన్యుడికి రాజ్యం అప్పగించాడు. తండ్రి పేరు చూసి గద్దె ఎక్కించే రాజకీయం అక్కడా ఇక్కడా చూస్తున్న మనకు ఈ కథను ఎందుకో ఎవరూ హరికథగా చెప్పరు.

అసలు ప్రశ్నపత్రం అయోధ్యాకాండ నూరవ సర్గ. చిత్రకూటానికి వచ్చిన భరతుణ్ణి రాముడు వరుసగా ప్రశ్నలు అడుగుతాడు. వెయ్యిమంది మూర్ఖులకన్నా ఒక్క పండితుడు చాలనుకుంటున్నావా? ఒక్కడివే కూర్చుని నిర్ణయాలు చేయటం లేదు కదా, అలాగని గుంపును పోగు చేసుకోవటం లేదు కదా? రాబడి ఎక్కువగా, ఖర్చు తక్కువగా ఉందా? డబ్బు తీసుకుని దొంగను వదిలేయటం లేదు కదా? సైన్యానికి జీతం, బత్తెం వేళకు ఇస్తున్నావా, ఆలస్యమైతే వాళ్ళకు కోపం వచ్చి పెద్ద అనర్థం జరుగుతుంది సుమా అంటాడు. 2018 డిసెంబరులో మొదలై 35 రోజులు, 2025 అక్టోబరులో మొదలై 43 రోజులు ఈ దేశ ప్రభుత్వం మూతబడినప్పుడు లక్షలమంది ఉద్యోగులకు జీతాలు ఆగాయి. తప్పెవరిదన్న వాదన ఇక్కడ వద్దు. అడవిలో నారచీరలు కట్టుకున్నవాడు, తండ్రి పోయిన వార్త ఇంకా వినకముందే, తమ్ముణ్ణి జీతాల సంగతి అడిగాడు. అది గమనించండి.

ఆ సర్గలోనే రాజు వదులుకోవలసిన పద్నాలుగు దోషాలు ఉన్నాయి. అబద్ధం, కోపం, ఏమరుపాటు, పనులు వాయిదా వేయటం, జ్ఞానులను కలవకపోవటం, విషయం తెలియనివారితో ఆలోచన చేయటం, అన్ని వైపులా ఒకేసారి శత్రువుల మీదికి వెళ్ళటం వాటిలో కొన్ని.

ఇక ఆరోగ్యం. డాక్టరును గనుక ఇది దాటి పోలేను. ప్రతీప మహారాజు పెద్ద కొడుకు దేవాపి ధర్మాత్ముడు, ప్రజలకు ఇష్టుడు. చర్మరోగం ఉందని పెద్దలు పట్టాభిషేకానికి అడ్డుపడ్డారు. తండ్రి కన్నీరు పెట్టుకున్నాడు, దేవాపి అడవికి వెళ్ళాడు, తమ్ముడు శంతనుడు రాజయ్యాడు. ఈ కథ నాకు మింగుడుపడదు. చర్మానికి, తీర్పుకు ఏమి సంబంధం? 1921లో పోలియో వచ్చి కాళ్ళు పడిపోయిన ఫ్రాంక్లిన్ రూజ్వెల్టును ఈ దేశం నాలుగుసార్లు ఎన్నుకుంది, ఆ కాళ్ళు పాలనకు అడ్డం కాలేదు. అడ్డమైనది వేరే. 1944 మార్చిలో గుండె వైద్యుడు పరీక్షిస్తే రక్తపోటు 186/108, గుండె బలహీనపడి ఉంది. ప్రజలకు చెప్పలేదు. నాలుగోసారి గెలిచి, 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తస్రావంతో పోయాడు. అంతకు ముందు 1919 అక్టోబరులో ఉడ్రో విల్సనుకు పక్షవాతం వస్తే 1921 మార్చి దాకా పదవిలోనే ఉంచి, ఎవరు ఆయనను చూడాలో, ఏ కాగితం చూపాలో భార్య చూసుకుంది. అధ్యక్షుడు అశక్తుడైతే ఏం చేయాలన్నది 25వ సవరణగా స్పష్టమైంది 1967లో. కనుక రోగం ఉందా అన్నది కాదు నా ప్రశ్న. ఆలోచన, ఓపిక నిలిచి ఉన్నాయా, దాచారా చెప్పారా అన్నది.

అలాగని టీవీలో చూసి జబ్బు పేరు పెట్టేయకూడదు. 1964లో ఒక పత్రిక బారీ గోల్డ్‌వాటర్ గురించి మానసిక వైద్యులను అడిగితే, ఆయనను ఎన్నడూ పరీక్షించని 1,189 మంది తగడు అని రాసిచ్చారు. ఆయన కోర్టుకు వెళ్ళి గెలిచాడు. పరీక్షించని మనిషి మీద అభిప్రాయం చెప్పరాదని 1973లో ఆ వైద్యుల సంఘమే నియమం పెట్టుకుంది. మన వాట్సప్ గ్రూపుల్లోని డాక్టర్లు, నాతో సహా, దీన్ని గోడకు అంటించుకోవాలి.

నూరవ సర్గలో నన్ను అన్నిటికన్నా వెంటాడే వాక్యం ఇంకొకటి. చేయని నేరం మోపబడినవారి కన్నీళ్ళు, సుఖం కోసం మాత్రమే ఏలే రాజు సంతానాన్ని, పశుసంపదను నాశనం చేస్తాయంటాడు రాముడు. అభ్యర్థి ప్రసంగంలో ఇది దొరకదు. అతను మేయరుగానో గవర్నరుగానో ఉన్న రోజుల్లో బలహీనుడి కేసు ఎలా నడిచిందో వెతికితే దొరుకుతుంది.

2028 నవంబరు 7న మళ్ళీ పోలింగు. అప్పటికి మన బాలవిహార్ పిల్లలు కొందరికి పద్దెనిమిది నిండుతాయి. పద్నాలుగు దోషాలను తెలుగులో, ఇంగ్లీషులో ఒక కాగితం మీద రాసి, ప్రతిదాని ఎదుటా ఖాళీ గడి వదిలి కాపీలు తీశాను. గుడి ముందు హాలులో, చెప్పుల స్టాండు పక్కన బల్ల మీద ఉంటాయి. పెన్సిలు మీరు తెచ్చుకోండి.