గీతలో కనిపించేది ఎవరు?

యానాం అగ్రహారం నుంచి ఒక యువ డిజైనర్ పోర్ట్‌ఫోలియో కూర్చుకుంటున్నారనుకుందాం. 1954 దాకా సాగిన ఫ్రెంచి పాలన ఆనవాళ్లు, గౌతమీ పాయ, తెలుగు అక్షరం మొదటి పేజీలోనే పెడితే ‘నేను’ కనిపిస్తానని ఆశ. కానీ అవి ఊరి గుర్తులు, ఊళ్లో ఎవరైనా వాడుకోవచ్చు. మనిషి ముద్ర పడేది పనిలో. గోదావరి ఇంకో పాయ ఒడ్డున, నరసాపురంలో 1933లో పుట్టిన చిత్రకారుడు బాపు చదివింది న్యాయశాస్త్రం. గీసింది రాముణ్ణి, బుడుగుని, తనను కాదు. అయినా సంతకం మూసి చూపించినా ఆ బొమ్మ ఎవరిదో తెలుగువాళ్లు ఇట్టే చెప్పేస్తారు: వాలుజడ, ఒక్క ఊపులో తిరిగిన నడుము, చుట్టూ ధైర్యంగా వదిలిన ఖాళీ. ఫలం మీద కన్ను వేయకుండా పని చేయమన్న భగవద్గీతకు ఇంతకంటే దగ్గరి సాక్ష్యం నాకు దొరకలేదు.

ఆయన చేతిరాత ఫాంటుగా వచ్చింది కదా, ఎవరైనా వాడుకోగల శైలి ఒకరి అస్తిత్వం ఎలా అవుతుందని అడగొచ్చు. అక్షరాల రూపం ఫాంటులో దొరుకుతుంది. ఎక్కడ ఆగాలో తెలిసిన విచక్షణ దొరకదు. స్థిరమైన ఆత్మ లేదన్న బౌద్ధం కూడా కర్మల పరంపరను కాదనలేదు. బాధ్యత ఆ పరంపరదే. మనిషి ముద్ర కూడా అంతే, చేసిన పనుల వరుసలోనే పడుతుంది. ఉద్యోగం కావాల్సినవాళ్లు తమను చూపించుకోవద్దా అంటే, తప్పకుండా చూపించుకోవాలి. అందుకే స్వీయపరిచయం కుదించి, ఒకే పోస్టరుకు వేసిన చిత్తు ప్రతులను, కొట్టేసిన గీతలతో సహా, వరుసగా పెట్టమంటాను.