విన్న ప్రతి మాటా నిజం కాదు

అల్లాహ్ మానవునికి ప్రసాదించిన వరాలలో బుద్ధి ఎంతో గొప్పది. కళ్ళు, చెవులు పశువులకు కూడా ఉన్నాయి. కాని చూసినదాన్ని, విన్నదాన్ని తూచి ఇది సత్యం, ఇది అసత్యం అని వేరుచేసే శక్తి మనిషికి ప్రత్యేకంగా ఇవ్వబడింది. ఇచ్చిన వరానికి లెక్క కూడా అడగబడుతుంది. తెలియని విషయం వెంట పడకూడదని, చెవి, కన్ను, హృదయం అన్నీ విచారణకు గురవుతాయని దివ్యఖుర్ఆన్ హెచ్చరించింది (బనీ ఇస్రాయీల్: 36). నమాజ్ గురించి, జకాత్ గురించి రేపు లెక్క చెప్పుకోవాలని మనకు తెలుసు. విన్న మాటను ఏం చేశామన్న దానికి కూడా లెక్క ఉందన్న సంగతిని మాత్రం మనం తరచూ మరచిపోతున్నాం.

గ్రహణం పట్టిన రోజు

హిజ్రీ 10వ సంవత్సరంలో దైవప్రవక్త ముహమ్మద్ (సల్లం) గారి ముద్దుల కుమారుడు ఇబ్రాహీమ్ పసితనంలోనే కన్నుమూశాడు. ఆ రోజే సూర్యగ్రహణం పట్టింది. ప్రవక్తగారి బిడ్డ చనిపోయినందుకే సూర్యుడు కూడా చీకటి కమ్ముకున్నాడని మదీనా ప్రజలు చెప్పుకున్నారు. ఆ మాటలో దురుద్దేశం లేదు, ఉన్నదంతా ప్రేమే. ప్రవక్త (సల్లం) మౌనంగా ఊరుకున్నా ఎవరూ తప్పుపట్టేవారు కారు. పైగా ఆయన ఔన్నత్యానికి ఆకాశమే సాక్ష్యమిచ్చిందని జనం మరింత గట్టిగా నమ్మేవారు.

కాని ఆయన ఊరుకోలేదు. కడుపుకోత అనుభవిస్తున్న ఆ ఘడియలోనే ప్రజలను సమావేశపరచి, గ్రహణం నమాజు చేయించారు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలలోనివని, ఒకరి చావు కోసమో, ఒకరి పుట్టుక కోసమో వాటికి గ్రహణం పట్టదని స్పష్టం చేశారు. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఈ సంఘటన ఉంది.

ఇందులో మనకు గొప్ప పాఠం ఉంది. మనకు గిట్టని మాటను శంకించడం ఎవరికైనా చేతనవుతుంది. మనకు నచ్చిన మాటను, మనకు గౌరవం తెచ్చిపెట్టే మాటను నిలబెట్టి 'ఇది నిజమేనా?' అని అడగడమే అసలైన పరీక్ష. చంద్రుడి మీద అడుగుపెట్టిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ అక్కడ అజాన్ విని ఇస్లాం స్వీకరించాడన్న కథను మనలో విననివారు అరుదు. చంద్రుడి మీద శబ్దాన్ని మోసే గాలే లేదు. ఆ వార్త నిజం కాదని 1983లోనే ఆయన తరఫున ఖండన కూడా వెలువడింది. అయినా ఆ కథ ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. అల్లాహ్ ధర్మం సత్యం. సత్యానికి అబద్ధపు ఊతకర్ర అవసరం లేదు. పైపెచ్చు, ఆ కర్ర విరిగిన రోజున మన పిల్లలు దాన్ని మాత్రమే కాదు, మనం చెప్పిన నిజాలను కూడా శంకిస్తారు.

విచారించడం అవమానించడం కాదు

ఎవరైనా సమాచారం తెస్తే దాన్ని బాగా విచారించుకోవాలని, లేకపోతే తెలియక ఒక వర్గానికి హాని చేసి ఆ తరువాత పశ్చాత్తాపపడవలసి వస్తుందని హుజురాత్ సూరా 6వ ఆయతు బోధిస్తోంది. సహాబాలు ఈ బోధనను తమ మధ్య కూడా అమలు చేశారు. ఒకసారి హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి.) హజ్రత్ ఉమర్ (రజి.) ఇంటికి వచ్చి, మూడుసార్లు అనుమతి కోరి, జవాబు రాకపోవడంతో తిరిగి వెళ్ళిపోయారు. కారణం అడిగితే, అలా చేయమని ప్రవక్త (సల్లం) బోధించారని చెప్పారు. దీనికి సాక్షిని తీసుకురమ్మన్నారు ఉమర్ (రజి.). అబూ మూసా (రజి.) అబద్ధమాడే మనిషి కాదని ఆయనకు తెలుసు. అయినా ప్రవక్త పేరిట ఎవరు పడితే వారు ఏది పడితే అది చెప్పే దారి తెరుచుకోకూడదని ఆయన తపన. హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి.) వచ్చి సాక్ష్యమిచ్చారు.

ఈ నాటిన విత్తనమే తరువాత మహావృక్షమైంది. హదీసువేత్తలు ప్రతి ఉల్లేఖనానికీ ఎవరి నుంచి ఎవరు విన్నారో అడిగారు. ఆ ఇద్దరూ ఒకే కాలంలో జీవించారా, కలుసుకున్నారా, చెప్పినవారి జ్ఞాపకశక్తి ఎలాంటిది అని ఆరా తీశారు. ఎంతటి భక్తిపరుడైనా జ్ఞాపకశక్తి బలహీనమైతే ఆయన ఉల్లేఖనాన్ని పక్కన పెట్టారు. భక్తికి భక్తే, సాక్ష్యానికి సాక్ష్యమే!

చదువులో

ఇదే గుణం మన పండితులను శాస్త్రరంగంలో కూడా ముందుకు నడిపింది. 1162లో బాగ్దాద్‌లో పుట్టిన అబ్దుల్ లతీఫ్ బాగ్దాదీ ఖుర్ఆన్, హదీసు, ఫిఖహ్ చదువుకుని వైద్యుడైనవాడు. కింది దవడలో రెండు ఎముకలు ఉంటాయని గ్రీకు వైద్యుడు గాలెన్ రాశాడు. వెయ్యేళ్ళుగా అందరూ దాన్నే వల్లెవేస్తూ వచ్చారు. 1200 ప్రాంతంలో ఈజిప్టులో భయంకరమైన కరువు వచ్చినప్పుడు, కైరో సమీపంలో కుప్పలుగా పడివున్న అస్థిపంజరాలను అబ్దుల్ లతీఫ్ స్వయంగా పరిశీలించాడు. రెండు వేలకు పైగా పుర్రెలు చూశాక, దవడ ఒకే ఎముక అని తేల్చాడు. గాలెన్ పట్ల ఆయనకు ఎంతో గౌరవం ఉంది. కాని కంటికి కనబడిన సాక్ష్యానిది అంతకన్నా పై స్థానమని రాశాడు.

మరి మన ఇళ్ళలో ఏం జరుగుతోంది? పిల్లవాడు గైడులోని జవాబును పొల్లుపోకుండా అప్పజెబితే మురిసిపోతాం. 'ఇది ఎందుకు ఇలా?' అని అడిగితే విసుక్కుంటాం. ప్రశ్న అవిధేయత కాదు. జవాబు తెలిస్తే చెబుదాం. తెలియకపోతే 'రా, ఇద్దరం కలిసి తెలుసుకుందాం' అందాం.

వ్యాపారంలో

దివ్యఖుర్ఆన్‌లోని అతి పెద్ద ఆయతు అప్పు పత్రం గురించినది (బఖరా: 282). గడువు పెట్టుకున్న అప్పు చిన్నదైనా, పెద్దదైనా రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని అందులో ఆదేశం ఉంది. అయినా గడ్డం, టోపీ చూసి, 'హలాల్ లాభం' అన్న రెండు మాటలు విని డబ్బు అప్పగించేవారు మనలో ఎందరో! 2019 జూన్‌లో బెంగళూరులో అలాంటి సంస్థ ఒకటి కుప్పకూలింది. వేలాది ముస్లిం కుటుంబాలు కూతురి పెళ్ళికి, హజ్ యాత్రకు, ముసలితనానికి దాచుకున్న సొమ్మును పోగొట్టుకున్నాయి. ఈ లాభం ఎక్కడి నుంచి వస్తోంది? నష్టం వస్తే ఎవరు భరిస్తారు? లెక్కలు ఎవరు తనిఖీ చేస్తున్నారు? డబ్బు ఇచ్చే ముందు ఈ మూడు ప్రశ్నలు అడగడం అల్లాహ్ మీద నమ్మకం లేకపోవడం కాదు. అల్లాహ్ ఆదేశాన్ని పాటించడమే.

చేతిలోని ఫోను

2018 మే నెల. రమజాన్ మాసం. పిల్లలను ఎత్తుకుపోయేవారు తిరుగుతున్నారన్న వదంతి వాట్సాప్‌లో వ్యాపించింది. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో దాన్ని నమ్మిన గుంపు, పొట్టకూటి కోసం బిచ్చమెత్తుకోవడానికి వచ్చిన ట్రాన్స్‌జెండర్ల మీద దాడి చేసింది. ఒక నిండు ప్రాణం పోయింది. రాళ్ళు విసిరిన చేతులు కొన్నే కావచ్చు. ఆ వదంతిని ముందుకు నెట్టిన వేళ్ళు ఎన్నో! విన్నదల్లా చెప్పుకుంటూ పోవడమే ఒక మనిషి అబద్ధాలకోరు కావడానికి సరిపోతుందని ప్రవక్త (సల్లం) హెచ్చరించారు. 'నేను రాయలేదు, వచ్చింది పంపానంతే' అన్న సాకు ఈ హదీసు ముందు నిలుస్తుందా?

ఒక జాగ్రత్త

అలాగని ప్రతి మనిషినీ అనుమానించమని కాదు. విచారించమన్న హుజురాత్ సూరాయే, మరో ఆరు ఆయతుల తరువాత, అతి అనుమానాలకు దూరంగా ఉండమని, ఇతరుల గుట్టు కూపీ లాగవద్దని ఆదేశిస్తోంది. ఈ రెండూ పరస్పర విరుద్ధం కావు. మాటను తూచాలి, మనిషి మీద సద్భావన ఉంచాలి. హజ్రత్ ఆయిషా (రజి.) మీద నిందారోపణ జరిగినప్పుడు, విన్న వెంటనే తోటివారి గురించి మంచినే ఎందుకు తలచలేదని, నింద వేసినవారు సాక్షులను ఎందుకు తీసుకురాలేదని అల్లాహ్ మందలించాడు (నూర్: 12, 13). పొరుగింటి కోడలి గురించి ఏదైనా మాట మన గడప దాకా వచ్చినప్పుడు పాటించవలసిన పద్ధతి ఇదే. మంచిని తలచుదాం, సాక్ష్యం అడుగుదాం, లేకపోతే ఆ మాటను అక్కడే ఆపేద్దాం.

సోదర సోదరీమణులారా! ఈ రోజు నుంచే మొదలుపెడదాం. ఏ మాట విన్నా ఇది ఎవరు చెప్పారు, వారికి ఎలా తెలిసింది, ఇది అబద్ధమైతే నష్టపోయేది ఎవరు అని మనల్ని మనం ప్రశ్నించుకుందాం. జవాబు దొరికేదాకా నాలుకను, వేలిని అదుపులో ఉంచుకుందాం.

సత్యాన్ని సత్యంగా గుర్తించి దాన్ని అనుసరించే భాగ్యాన్ని, అసత్యాన్ని అసత్యంగా గుర్తించి దానికి దూరంగా ఉండే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.